కర్మవీర భావూరావు పాటిల్

పాఠశాలలో ప్రవేశము దొరకినను పూట గడువక మరల ఇంటిత్రోవ పట్టిన పేద విద్యార్థులు మన దేశమున నెందరో. అట్టివారికి చదువుతోపాటు అన్నము సమకూర్చిన మహనీయులలో భావూరావు పాటిల్ గారు ముఖ్యులు.

ఆయన 1887 సెప్టెంబరు 22న కొల్హాపూరు ప్రాంతమందలి కుంభోజ గ్రామమున జైన కుటుంబమున జన్మించిరి. కొల్హాపూరులో చదువుకొను దినములలో జైన వసతిగృహమున భోజనము చేయుచుండిరి. అస్పృశ్యులనబడిన బాలుర వసతిగృహ ప్రారంభోత్సవమునకు వెళ్లివచ్చి, మైలస్నానము చేయక పంక్తికి రాగా అధికారులు ఆయనను వెడలగొట్టిరి. విద్యార్థికి కూడు పోవుట యెట్టిదో ఆయన అప్పుడే ఎరిగిరి.

తరువాత ఇనుప నాగళ్లు అమ్ముచు పల్లెపల్లె తిరిగిరి. 1919లో కాలే గ్రామమున రయత్ శిక్షణ సంస్థను స్థాపించి, 1924లో సతారాలో వసతిగృహము తెరచిరి. అన్నికులముల బాలురు అచట కలసి వండుకొని, ఒకే పంక్తిలో భుజించెడివారు. 1927లో గాంధీ మహాత్ముడు దానికి ఛత్రపతి శాహూ పేరు పెట్టెను.

భావూరావు గారు ధాన్యమునకై ఊళ్లు తిరుగుచుండగా ఆ బాలుర ఆకలిని చూచుకొనవలసిన భారము భార్య లక్ష్మీబాయిపై పడెను. పుట్టింటివారు పెట్టిన నగలు ఒక్కొక్కటే అంగడికి పోయెను. భర్త ఊర లేని ఒకనాడు ఇంట గింజలు నిండుకొనగా ఆమె మంగళసూత్రమునే ఇచ్చి బాలురకు భోజనము పెట్టిరి. కర్మవీర బిరుదము భర్తకు దక్కినది. అందు సగము ఆమెదని చెప్పుట న్యాయము. ఆమె 1930లో కన్నుమూసిరి.

1947లో సతారాలో ఛత్రపతి శివాజీ కళాశాల వెలసెను. కళాశాల విద్యార్థికి ఉచితాన్నము తినుట చిన్నతనముగా తోచవచ్చును. సంపాదించుచు చదువుకొనుము అను పద్ధతిని భావూరావు గారు అచట నెలకొల్పిరి. విద్యార్థులు పొలమున, కట్టడములయొద్ద శ్రమించి తమ తిండిని, చదువును తామే గడించుకొనిరి. కాయక దాసోహముల నెరిగిన వారికి ఇది వింతగా తోచదు.

1959లో పూనా విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చెను. ఆ యేడే మే 9న ఆయన పరమపదించిరి. లక్ష్మీబాయి వసతిగృహమున పెరిగిన పి.జి. పాటిల్ గారు ఇంగ్లండులో చదివి వచ్చి, శివాజీ కళాశాలకు ప్రధానాచార్యులై, అనంతరము కొల్హాపూరు శివాజీ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి యైరి.