ఓటు కోసం పోరాడిన పంతులు.. పోలింగ్ రోజే బలి

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం. 1871 అక్టోబర్ 10, పోలింగ్ రోజు. పొద్దున్నుంచే గొడవలు. నల్లవాళ్లు ఓటేయకుండా రౌడీమూకలు దాడులకు దిగాయి. బడి ముందే వదిలేశారు. ఇంటిదారి పట్టిన ఓ పంతులును సౌత్ స్ట్రీట్‌లో నడివీధిలో కాల్చి చంపారు. ఆయనే ఆక్టేవియస్ కాటో. అప్పటికి వయసు 32 ఏళ్లు.

కాటో 1839లో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో పుట్టారు. పుట్టుకతో బానిస కాదు, తండ్రి పాస్టర్. చిన్నప్పుడే ఫిలడెల్ఫియా వచ్చేశారు. నల్లజాతి పిల్లల కోసం క్వేకర్ క్రైస్తవులు నడిపిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ కలర్డ్ యూత్‌లో చదివి, 1858లో క్లాసు ఫస్టొచ్చారు. అక్కడే ఇంగ్లిష్, లెక్కలు చెప్పే పంతులయ్యారు.

పాఠాలు చెప్పుకుని ఊరుకునే మనిషి కాదు. 1863లో అంతర్యుద్ధం పెన్సిల్వేనియా గడప తొక్కగానే కుర్రాళ్లను కూడగట్టి హారిస్‌బర్గ్ తీసుకెళ్లారు. అక్కడి సైన్యాధికారి తిప్పి పంపేశాడు. కాటో వెనక్కి తగ్గలేదు. నల్లజాతి రెజిమెంట్లలో జనాన్ని చేర్పించే పనిలో ముందు నిలిచారు.

యుద్ధంలో పోరాడి వచ్చినా నల్లవాళ్లకు గుర్రపు ట్రాముల్లో చోటు లేదు. కాటో, ఈక్వల్ రైట్స్ లీగ్ మిత్రులు శాసనసభ్యుల వెంటపడ్డారు. 1867 మార్చి 22న చట్టమొచ్చింది. మూడు రోజులకే ఆయన పెళ్లాడబోయే టీచరమ్మ కరోలిన్ లెకౌంట్‌ను ఓ కండక్టర్ ఎక్కనివ్వలేదు. ఫిర్యాదు చేస్తే, అలాంటి చట్టం వచ్చినట్టు మాకు తెలీదన్నారు. ఆవిడ ఊరుకుంటారా? చట్టం ప్రతి తెచ్చి ముందు పెట్టారు. కండక్టర్‌కు 100 డాలర్ల జరిమానా పడింది.

ఇక ఓటు. పెన్సిల్వేనియాలో నల్లవాళ్ల ఓటుహక్కును 1838లోనే లాగేసుకున్నారు. రాజ్యాంగం 15వ సవరణతో 1870లో తిరిగొచ్చింది. వాళ్ల ఓట్లు అప్పట్లో లింకన్ పార్టీ రిపబ్లికన్లకే. అదే డెమోక్రాట్ల మనుషులకు కంటగింపయింది. 1870 ఎన్నికలకు కేంద్ర బలగాలు కాపలా కాశాయి. మరుసటి ఏడు లేవు.

కాల్చింది ఇతనేనని సాక్షులు చూపిన ఫ్రాంక్ కెల్లీ పారిపోయి, ఏళ్ల తర్వాత షికాగోలో దొరికాడు. 1877లో విచారణ జరిగింది. కళ్లారా చూసినవాళ్లు బోనెక్కి చెప్పినా జ్యూరీ అతణ్ని నిర్దోషిగా వదిలేసింది. లెకౌంట్ పెళ్లి చేసుకోలేదు, పంతులమ్మగానే కొనసాగారు.

ఫిలడెల్ఫియా సిటీహాల్ ముందు కాటో విగ్రహం 2017లో వెలిసింది. ఎదురుగా ఓ బ్యాలెట్ పెట్టె, దాని వైపు అడుగు వేస్తూ ఆయన.