జంట పేరు నిలబెట్టిన మన హైదరాబాదు శంకర్

విదేశాల్లో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవం ఒకటుంది. ఆఫీసులోనో, టాక్సీలోనో, పక్కింట్లోనో ఒక రష్యన్ పెద్దాయనో, ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చినావిడో పరిచయమవుతారు. మనం ఇండియావాళ్లమని తెలియగానే ముఖం వెలిగిపోతుంది. రాజ్ కపూర్ పేరు తలచుకుని 'ఆవారా' పాట కూనిరాగం తీస్తారు. మాటలు సగం తప్పుతాయి గానీ బాణీ మాత్రం తప్పదు. ఆ సినిమాకు సంగీతం కూర్చిన శంకర్-జైకిషన్ జంటలో శంకర్ హైదరాబాదులో పెరిగారనీ, ఆయనకు తెలుగు వచ్చనీ మనలో ఎంతమందికి గుర్తుంది?

శంకర్ పూర్తి పేరు శంకర్ సింగ్ రఘువంశీ. 1922 అక్టోబరు 15న పుట్టారు. బాల్యం, తొలి యవ్వనం నిజాం కాలపు హైదరాబాదులో గడిచాయి. ఆ రోజుల్లో ఆయనకు రెండే వ్యసనాలు: ఒకటి కుస్తీ, రెండోది తబలా. పొద్దున్నే వ్యాయామం చేసి కండలు పెంచిన ఆ శరీరం చివరిదాకా ఆయనకు ఒక పహిల్వాన్ రూపం ఇచ్చింది. తబలా ఆయనను ఒక నాటక బృందంలో చేర్చింది, అక్కడినుంచి బొంబాయి చేర్చింది. పృథ్వీరాజ్ కపూర్ 1944లో స్థాపించిన పృథ్వీ థియేటర్స్‌లో తబలా వాయిస్తూ, అవసరమైతే చిన్న చిన్న వేషాలు కూడా వేస్తూ ఉండేవారు.

సినిమా అవకాశం కోసం ఆయన ఒక గుజరాతీ దర్శకుడి ఆఫీసు చుట్టూ తిరుగుతుండేవారు. అదే గుమ్మం ముందు అదే ఆశతో కూర్చునే మరో కుర్రాడు కనిపించాడు. అతనే జైకిషన్ దయాభాయి పాంచాల్. గుజరాత్‌లోని బాంస్‌డా ఊరివాడు, హార్మోనియం వాయిస్తాడు. ఇద్దరికీ మాట కలిసింది. ఆ దర్శకుడు అవకాశమిచ్చాడో లేదో గానీ ఆ గుమ్మం ఒక స్నేహాన్నిచ్చింది. శంకర్ జైకిషన్‌ను వెంటబెట్టుకుని వెళ్లి పృథ్వీ థియేటర్స్‌లో హార్మోనియం వాయించే పని ఇప్పించారు. తనకంటే ఏడేళ్లు చిన్నవాడైన ఆ గుజరాతీ కుర్రాణ్ణి తమ్ముడిలా చూసుకున్నారు.

పృథ్వీరాజ్ పెద్దకొడుకు రాజ్ కపూర్ 1948లో 'ఆగ్' తీసినప్పుడు సంగీత దర్శకుడు రాం గంగూలీ. ఈ ఇద్దరూ ఆయన సహాయకులు. తర్వాతి సినిమా 'బర్సాత్' దగ్గరకొచ్చేసరికి రాజ్‌కూ గంగూలీకీ పొసగలేదు. రాజ్ ఆ బాధ్యతను శంకర్‌కు అప్పగించాలనుకున్నారు. శంకర్ ఒక్కరే చేస్తానని ఒప్పుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన జైకిషన్‌ను కూడా కలుపుకున్నారు. అలా 1949లో 'శంకర్-జైకిషన్' అనే పేరు తెరమీద పడింది. పాటల రచయితలు శైలేంద్ర, హస్రత్ జైపురి ఇద్దరూ ఆ సినిమాతోనే ప్రవేశించారు. లతా మంగేష్కర్ గొంతు ఇంటింటికీ చేరింది. అప్పటికి శంకర్‌కు ఇరవయ్యారేళ్లు, జైకిషన్‌కు ఇరవై కూడా నిండలేదు.

ఆ తరువాతి ఇరవై ఏళ్ల చరిత్ర సంగీతాభిమానులకు కొత్తది కాదు. 1951లో 'ఆవారా' వచ్చింది. అందులో తొమ్మిది నిమిషాలపాటు సాగే స్వప్నదృశ్యానికి వారు కూర్చిన సంగీతం ఈనాటికీ ఆశ్చర్యపరుస్తుంది. 1954లో సోవియట్ యూనియన్‌లో ఆ సినిమా విడుదలై అక్కడి జనాన్ని ఊపేసింది. 1956లో 'బసంత్ బహార్'లో మన్నాడే చేత పండిట్ భీమ్‌సేన్ జోషికి దీటుగా పాడించి, తమది తేలిక సంగీతమే అన్నవారి నోళ్లు మూయించారు. 'చోరీ చోరీ', 'అనాడీ', 'దిల్ అప్నా ఔర్ ప్రీత్ పరాయీ', 'ప్రొఫెసర్', 'సూరజ్', 'బ్రహ్మచారి', 'పహచాన్', 'మేరా నామ్ జోకర్', 'బేఈమాన్' సినిమాలకు మొత్తం తొమ్మిది ఫిల్మ్‌ఫేర్ అవార్డులు అందుకున్నారు. 1968లో పద్మశ్రీ వచ్చింది.

ఈ పాటల వెనుక ఒక పద్ధతి ఉండేది. సాధారణంగా శైలేంద్ర రాసిన పాటకు శంకర్, హస్రత్ రాసిన పాటకు జైకిషన్ బాణీ కట్టేవారు. నృత్యగీతాలూ, లయ ప్రధానమైన పాటలూ శంకర్‌వి. నేపథ్య సంగీతంలో జైకిషన్‌ది అందెవేసిన చేయి. లయ వాద్యాల బాధ్యత దత్తారాంది. గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా పాశ్చాత్య పద్ధతిలో వాద్యబృందానికి స్వరాలు రాసిపెట్టేవారు. పదుల సంఖ్యలో వయొలిన్లు, వాటి నడుమ ఒక అకార్డియన్, కింద ఢోలక్ నడక, వీటన్నిటినీ పట్టి ఉంచే భైరవి రాగం - ఇదీ వారి ముద్ర. అయితే ఏ పాట ఎవరిదో బయటికి చెప్పకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

మన తెలుగు చెవికి ప్రత్యేకంగా తగిలేది 1955 నాటి 'శ్రీ 420'లోని 'రామయ్యా వస్తావయ్యా' పాట. హిందీ సినిమాలో అచ్చ తెలుగు పల్లవి! మిత్రబృందం ఖండాలా వెళ్తూ దారిలో టీ తాగడానికి ఆగేదట. ఆ హోటల్లో రామయ్య అనే తెలుగు కుర్రాడు ఉండేవాడనీ, శంకర్ అతన్ని తెలుగులో పిలిచిన పిలుపే పల్లవిగా మారిందనీ చెబుతారు. హిందీ రాని తెలుగువాళ్లు, తెలుగు రాని హిందీవాళ్లు కూడా ఆ పాట పాడుకున్నారు. ఆ పిలుపులో శంకర్ పెరిగిన ఊరు వినిపిస్తుంది. 1971లో ఎన్.టి. రామారావు, వాణిశ్రీ నటించిన మన 'జీవిత చక్రం' సినిమాకూ ఈ జంటే సంగీతం అందించింది. ఘంటసాల వారు ఈ జంట స్వరపరచిన పాటలు పాడారు.

ఇంతటి జంటకూ దిష్టి తగిలింది. 1964 నాటి 'సంగం'లో ఒక పాట తనదేనని జైకిషన్ ఒక పత్రికలో బయటపెట్టారు. ఒట్టు తప్పింది. శంకర్ మనసు విరిగింది. మరోవైపు శంకర్ శారద అనే కొత్త గాయనిని ప్రోత్సహించడం 'సూరజ్' నుంచి మొదలైంది. ఆ పట్టుదల వల్ల లతతో దూరం పెరిగింది. 1966 డిసెంబరు 14న శైలేంద్ర కన్నుమూయడంతో శంకర్‌కు కుడిచేయి పోయినట్టయింది. ఇద్దరూ వేర్వేరుగా పాటలు కట్టుకోవడం మొదలుపెట్టారు. కానీ గమనించండి, తెరమీద పేరు మాత్రం విడదీయలేదు.

1971 సెప్టెంబరు 12న జైకిషన్ కాలేయవ్యాధితో మరణించారు. నలభై రెండేళ్లు నిండలేదు. చర్చిగేట్ దగ్గర ఆయన రోజూ కూర్చునే హోటల్లో ఆ టేబుల్‌ను కొన్నాళ్లు ఎవరికీ ఇవ్వకుండా, దీపం వెలిగించి ఉంచారని చెబుతారు.

శంకర్ జీవితంలో అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. అప్పటికి మాటలు సరిగా లేని స్నేహితుడు పోయాడు. ఇకమీదట చేసే ప్రతి బాణీ తన ఒక్కడిదే. అయినా ఆయన 'సంగీతం: శంకర్-జైకిషన్' అనే వేయించుకున్నారు. 'బేఈమాన్'కు వచ్చిన తొమ్మిదో ఫిల్మ్‌ఫేర్ కూడా ఆ జంట పేరుకే వెళ్లింది. ఆ అవార్డు వివాదంలో పడ్డ మాట నిజం. 'పాకీజా' స్వరకర్త, అప్పటికే దివంగతుడైన గులాం మహమ్మద్‌కు అది దక్కాల్సిందని నటుడు ప్రాణ్ తనకు వచ్చిన అవార్డును తిరస్కరించారు. 1970లో 'మేరా నామ్ జోకర్' పరాజయంతో దెబ్బతిన్న రాజ్ కపూర్ 1973లో 'బాబీ'ని లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌కు అప్పగించారు. 1975లో 'సన్యాసి' పాటలు బాగా ఆడాయి, లత మళ్లీ పాడారు. ఆ తర్వాత కాలం మారిపోయింది. ఒకప్పుడు నిర్మాతలు బారులు తీరిన మ్యూజిక్ రూంకు వచ్చేవారు తగ్గిపోయారు. చిన్న సినిమాలు, ఆడని సినిమాలు వచ్చాయి. వాటిమీద కూడా అదే జంట పేరు.

పేరుకున్న బజారు విలువ కోసమే అలా చేశారని కొందరంటారు. మొదటి రెండు మూడేళ్లకైతే ఆ మాట నప్పుతుందేమో. కానీ జంట పేరుకు గిరాకీ తగ్గి, కొత్త పేరు పెట్టుకుంటేనే మేలనిపించే రోజుల్లో కూడా ఆయన దాన్ని వదల్లేదు. దర్శకుడి గుమ్మం ముందు తన పక్కన కూర్చున్న కుర్రాణ్ణి పదిహేనేళ్లకు పైగా, పోయిన తరువాత కూడా, పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

1987 ఏప్రిల్ 26న శంకర్ బొంబాయిలో కన్నుమూశారు. అంత్యక్రియలకు వచ్చినవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. సినిమా ప్రపంచంలో చాలామందికి ఆ వార్త తరువాత గానీ తెలియలేదు. ఒక తరాన్ని ఆడించి, పాడించి, ఏడిపించిన మనిషి సద్దు లేకుండా వెళ్లిపోయారు. 2013 మే 3న భారతీయ సినిమా శతజయంతి సందర్భంగా తపాలాశాఖ స్టాంపులు విడుదల చేసినప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే స్టాంపు వేసింది. శంకర్ కోరుకున్నదీ అదే అయివుంటుంది.

మన సభల్లో పాత పాటల కార్యక్రమం వీరి పాట లేకుండా ముగియడం అరుదు. ఈసారి వేదికమీద అకార్డియన్ మొదలుకాగానే చప్పట్లు కొట్టేముందు ఒక్క క్షణం ఆ హైదరాబాదు పహిల్వాన్‌ను తలచుకుందాం. పాట పరిచయం చేసేవారికి ఒక చిన్న మనవి: సమయం చాలలేదని పేరును సగం చేయకండి. శంకర్-జైకిషన్ అని రెండు పేర్లూ కలిపే చెప్పండి.