ఘోషా గడప దాటిన వైద్యం
తెలుగునాట స్త్రీల ఆసుపత్రికి బాట వేసిన డాక్టర్ కుగ్లర్

ధవళేశ్వరం: 1852లో ఇక్కడ గోదావరిపై ఆనకట్ట పూర్తయి డెల్టా పల్లెలు పచ్చబడ్డాయి. కానీ పురిటి మంచంపైనే కన్నుమూసే తల్లుల కష్టం మాత్రం తీరలేదు. పరపురుషునికి నాడి చూపించడమే అపచారమని తలచిన ఆ కాలంలో ఘోషా స్త్రీలకు మంత్రసానే దిక్కు. ఆ కొరతను తీర్చేందుకు పూనుకున్న తొలితరం వైద్యురాళ్లలో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ ముఖ్యురాలు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో 1856 ఏప్రిల్ 19న ఆమె జన్మించారు. 1879లో ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. మహిళా వైద్యుల అవసరాన్ని వివరిస్తూ గుంటూరు నుంచి ఒక మిషనరీ రాసిన లేఖ ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. అయితే వైద్యసేవకు లూథరన్ మిషన్ పెద్దలు అప్పటికి సిద్ధంగా లేరు. దాంతో ఉపాధ్యాయినిగానే ఓడ ఎక్కి, 1883 చివరలో గుంటూరు చేరారు.

పాఠాలు చెప్పడానికి వచ్చినా ఆమె వైద్యాన్ని విడువలేదు. పిలిచిన ఇంటికల్లా వెళ్లి, తన బసకు వచ్చినవారికి మందులిచ్చి, మొదటి ఏడాదే వందలాది మందికి చికిత్స చేశారు. మిషన్ 1885లో ఆమెను వైద్యురాలిగా గుర్తించక తప్పలేదు. మరుసటి ఏడాది మందుల శాల తెరిచారు. ఆసుపత్రి కోసం స్వదేశంలో విరాళాలు కూడగట్టారు. ఫలితంగా 1898 జూన్‌లో 50 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. నర్సు కేథరిన్ ఫాస్ తోడ్పాటుతో స్థానిక యువతులకు అక్కడే నర్సింగ్ శిక్షణ లభించింది. దొరసాని వైద్యానికి మొదట జంకిన కుటుంబాలే క్రమంగా ఆసుపత్రి మెట్లెక్కాయి.

గోదావరి సీమకూ ఆమె సేవతో అనుబంధముంది. తన కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావు, రోగుల బంధువులు బస చేసేందుకు ఆసుపత్రి చెంత సత్రం కట్టించారు. రోగి వెంట ఇల్లంతా తరలివచ్చే ఆ రోజుల్లో, తమ ఆచారం చెడకుండా వండుకు తినే చోటు దొరకడం మందుతో సమానమైన ఊరట. ప్రభుత్వం ఆమెను కైజర్-ఎ-హింద్ పతకంతో సత్కరించింది.

ఆమె 1930 జులై 26న గుంటూరులోనే తుదిశ్వాస విడిచారు. నాటికి ఆమె ఈ గడ్డపై అడుగిడి దాదాపు 47 ఏళ్లు. ఆసుపత్రికి ఆమె పేరే స్థిరపడింది. కాటన్ దొర పొలాలకు నీరు పారించగా, పరదాల చాటున మగ్గిన తల్లుల చెంతకు కుగ్లర్ వైద్యాన్ని చేర్చారు. ఈ రెండో రుణాన్నీ డెల్టావాసులు మరువరాదు.