డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల గర్భవతులకు ఆశా కార్యకర్తలు ఇచ్చు ఎర్రని మాత్ర అందరును ఎరిగినదే. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము అను విటమిను గలదు. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకత్వము వహించినవారు మన తెలుగువారే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. వారి విద్యాభ్యాసము రాజమహేంద్రవరమునను మద్రాసునను సాగెను. సంగ్రహణి వ్యాధిచే సోదరులిద్దరు కొద్ది దినముల వ్యవధిలోనే గతించిరి. తామును ఆ వ్యాధికి లోనై, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియైనందున, ఎం.బి.బి.ఎస్. లభింపక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికాకు తరలిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే పండితునితో కూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములు కదలుటకును, నరములు వార్తల నందించుటకును కావలసిన శక్తికి ఆధారమగు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెల్లడించిరి. అయినను అచట స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున లెడర్లీ ఔషధ సంస్థలో చేరిరి. అచటి వారి బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. సోదరులను బలిగొన్న సంగ్రహణికి అదియే మందయ్యెను.

ఈ మందునకు ఒక హద్దు గలదు. ఒక విధమైన పాండురోగమున ఇది రక్తమును వృద్ధిచేసినను, కాలుసేతుల తిమ్మిరిని, నడక తడబాటును మాన్పలేదని వైద్యులు త్వరలోనే గుర్తించిరి. ఆ నరములకు కావలసినది బి12 అను మరియొక విటమిను. అది 1948లో వేరుచేయబడెను. రక్తము బాగుపడినదని రోగి సంతసించుచుండగా లోపల నరములు చెడుచుండుట ఇందలి ప్రమాదము.

1948 ఆగస్టు మాసమున, 53 ఏండ్ల వయసున, స్వదేశమును మరల చూడకయే సుబ్బారావు గారు న్యూయార్కున పరమపదించిరి.

వారి మందు ఘనత అటుపిమ్మట మరింత తెలియవచ్చెను. గర్భస్థ శిశువునకు మెదడుగా, వెన్నుపాముగా మారవలసిన నాళము మొదటి 28 దినములలోనే మూసుకొనును. అట్లు మూసుకొననిచో శిశువు వెన్నులోపముతో జన్మించును, లేదా బ్రతుకనే బ్రతుకదు. ఒకసారి అట్టి శిశువును కన్న తల్లులు గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లమును సేవించిన, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 పాళ్లు తగ్గునని 1991లో బ్రిటను వైద్య పరిశోధనా మండలి ప్రకటించెను.

నెల తప్పినదని తెలియువేళకే ఆ 28 దినములు చాలవరకు గడచిపోవును. కావున సంతానము కోరు స్త్రీ ముందుగానే వైద్యుని అడిగి ఈ మాత్ర నారంభించుట మేలు. సాంచెలకడ నిలుచువారు గాని, బీడీలు చుట్టువారు గాని కాలుసేతులు తిమ్మిరెక్కుచున్నచో, శ్రమవలననే అని ఊరకుండక, ఫోలిక్ ఆమ్లముతోనే సరిపుచ్చుకొనక, బి12 పరీక్ష చేయించుకొనవలెను. పాలు, గ్రుడ్లు, మాంసము ముట్టనివారు మరింత జాగరూకులై యుండవలెను. సుబ్బారావు గారి జీవితకృషి మన ఇండ్లలో సఫలమగు మార్గమిదియే.