డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895 జనవరి 12వ తేదీన, సామాన్య కుటుంబమున యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. బాల్యమున ఆయనకు చదువుపై అంత శ్రద్ధ లేకుండెను. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవసారి గాని నెగ్గలేదు.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచుండగా గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించెను. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లాచార్యునికి అది కంటగింపయ్యెను. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. అంతకు మించిన ఆపద ఇంటిలో వాటిల్లెను. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధిచే ఇద్దరు సోదరులు కన్నుమూసిరి. ఆనాడు ఆ వ్యాధికి సరియైన మందు లేదు.

1922లో సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణమండలవ్యాధులను గూర్చి చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను కడిగెను. వైద్యపట్టము పొందిన వాడయ్యు ఆ పనికి వెనుదీయలేదు.

పిమ్మట ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, శరీరద్రవములలోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరపు రసమును ఆ విధముగా పరీక్షింపగా, రంగు వెంటనే రాక మెల్లమెల్లగా తేలుచుండెను. ఇతరులైనచో లెక్క తప్పినదని విడిచిపుచ్చియుందురేమో! వారు విడువలేదు. భాస్వరము క్రియాటిన్ అను పదార్థముతో ముడివడియుండి, పరీక్షలో క్రమముగా విడివడుచున్నదని గ్రహించిరి. అదియే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్. కండరము శ్రమించినకొలది అది తరుగును. విశ్రమించిన మరల పెరుగును. కండరము ముడుచుకొనుటకు లాక్టికామ్లము కారణమని అంతవరకు పండితులు తలచుచుండిరి. ఆ అభిప్రాయము పునాదులు కదలెను.

1929లో వారు ఎ.టి.పి. అను మరియొక భాస్వరపదార్థమును కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. దాని పని యేమో తరువాతివారు తేల్చిరి. కండరములో మయోసిన్ అను ప్రోటీను చిన్న యంత్రమువలె పనిచేయును. గోదావరిపై పడవవాడు గడను నేలకానించి త్రోసి, ఎత్తి, మరల ముందునకు వేయునట్లు, మయోసిన్ తన యెదుటి యాక్టిన్ అను తీగెను పట్టి లాగి, విడిచి, మరల పట్టును. ఎ.టి.పి. వచ్చి చేరిననే అది పట్టు విడువగలదు. మరణించినవారి శరీరము కొయ్యబారుటకు ఎ.టి.పి. అడుగంటుటయే కారణము.

ఈ యంత్రమును అదుపులో నుంచు కావలివాడు కూడ కలడు. ట్రోపోనిన్ అను మూడు ప్రోటీనుల కూటమిని జపాను శాస్త్రజ్ఞుడు ఎబాషి 1960 తరువాతి సంవత్సరములలో కనుగొనెను. అది రాయివలె బిగిసినది కాదు. కాల్షియము సోకగానే వంగి రూపు మార్చుకొని, యాక్టిన్‌ను కప్పియున్న మరియొక ప్రోటీనును ప్రక్కకు జరుపును. అపుడే మయోసిన్‌కు త్రోవ దొరకును.

ఇంతటి పని చేసినను హార్వర్డులో సుబ్బారావుకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో ఆయన లెడర్లీ అను ఔషధసంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున పరిశోధకులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు అది మందయ్యెను. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను కూడ అక్కడనే వెలువడెను.

1948 ఆగస్టులో, యాబదిమూడేండ్ల వయస్సున, న్యూయార్కు రాష్ట్రమున ఆయన మరణించెను. ఇరువదియారేండ్ల క్రిందట విడిచిన స్వదేశమును మరల చూడలేదు.