దుగ్గిరాల గోపాలకృష్ణయ్య: పై అధికారులతో పడలేదు.. మాస్టారు ఉద్యోగం వదిలేశారు.. పాటతో ఊరినే కదిలించారు!

వాడరేవు బీచ్‌కి వెళ్లేవాళ్లు చాలామంది చీరాల మీదుగానే వెళ్తారు. వందేళ్ల కిందట ఆ చీరాలలో జనం వేల సంఖ్యలో ఇళ్లు వదిలి ఊరి బయటికి వెళ్లిపోయారు. వాళ్లను ముందుండి నడిపించింది ఎవరో కాదు.. అంతకు కొన్నేళ్ల ముందు పై అధికారులతో పడక ఉద్యోగాలు మానేసిన ఓ మాస్టారు. ఆయనే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

1889 జూన్ 2న అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో ఆయన పుట్టారు. ఊహ తెలియకముందే తల్లి, తండ్రి ఇద్దరూ పోయారు. బంధువులే పెంచారు. పాట, పద్యం, నాటకం అంటే ప్రాణం. బాపట్ల తాలూకా కచేరీలో ఏడాది పాటు ఉద్యోగం చేశారు కానీ, ఆ పనిలో తృప్తి దొరకలేదు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లాండ్ వెళ్లి, ఎడింబరో యూనివర్సిటీలో ఎంఏ చదివారు.

చదివింది ఎకనామిక్స్.. మనసు మాత్రం కళల మీదే! ప్రముఖ కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఆ పుస్తకాన్ని అచ్చు వేసింది.

కొత్త ఉద్యోగం.. పాత తంటా

ఇంత చదువుతో తిరిగొచ్చిన మనిషికి ఇక్కడ ఉద్యోగం దొరకడం కష్టం కాలేదు. నిలబెట్టుకోవడమే కష్టమైంది. రాజమండ్రిలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. తర్వాత బందరు జాతీయ కళాశాలలో చేరారు. మొదటిది సర్కారు కొలువు, రెండోది దేశభక్తులు నడిపే కాలేజీ. రెండు చోట్లా పై వాళ్లతో పొసగలేదు. తల వంచుకుని సర్దుకుపోవడం ఆయన వల్ల కాలేదు. రెండూ వదిలేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి దిగారు.

అయితే పాఠం చెప్పడం మాత్రం ఆపలేదు. తరగతి గది మారిందంతే! తోలుబొమ్మలాట, వీధి భాగవతం, జముకుల కథ, గొల్లకలాపం లాంటి పల్లె కళలను వెతికి మరీ ప్రోత్సహించారు. సభల్లో ఉపన్యాసం మధ్యలో పాట, పద్యం అందుకునేవారు. చదువు రానివాళ్లకూ విషయం సూటిగా చేరేది. రామదండు పేరుతో వాలంటీర్ల దళాన్నీ తయారు చేశారు.

చీరాలలో అసలు పరీక్ష

1919లో బ్రిటిష్ ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు ఎగబాకింది. మగ్గం మీద బతికే కుటుంబాలకు అది మోయలేని భారం. అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేదు. 1921లో చీరాల వచ్చిన గాంధీజీ చూపిన దారుల్లో ఒకటి.. శాంతియుతంగా ఊరు ఖాళీ చేయడం.

గోపాలకృష్ణయ్య మాట మీద సుమారు 13 వేల మంది కదిలారు. మున్సిపాలిటీ హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామ్‌నగర్ అని పేరు పెట్టారు. ఎండా వానా ఓర్చుకుని దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. ఈలోగా బరంపురంలో నిషేధాన్ని ధిక్కరించి మాట్లాడినందుకు ఆయనకు ఏడాది జైలు శిక్ష పడింది. నాయకుడు జైలుకెళ్లాక జనం నెమ్మదిగా పాత ఇళ్లకు చేరుకున్నారు.

తలవంచనందుకు ఎంత ఖరీదు?

నెల జీతం వదులుకున్న మనిషికి చివరి రోజులు బాగా కష్టంగా గడిచాయి. పేదరికం.. దానికి తోడు క్షయ. 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి 39 ఏళ్లు నిండి ఎనిమిది రోజులే!

పై అధికారితో పడని ప్రతి కొత్త మాస్టారూ ఉద్యోగం వదిలేయలేరు. ఇల్లు గడవాలి కదా! గోపాలకృష్ణయ్య వదిలేశారు, అందుకు ఖరీదూ కట్టారు. కానీ ఆయన వదిలింది కుర్చీనే.. చేతిలోని విద్యను కాదు. రెండు కాలేజీల్లో ఇమడని ఆ పాట, చీరాలలో వేల మందికి ధైర్యమైంది.