ప్లేగు టీకా ఇచ్చి.. నింద మోసిన హాఫ్కిన్

1896లో బొంబాయి రేవు పక్కనున్న మాండవీలో ప్లేగు బయటపడింది. ముందు ఎలుకలు చచ్చాయి, తర్వాత మనుషులు. జనం నగరం విడిచి పారిపోతుంటే, ప్రభుత్వం పిలుపుతో అక్కడికి వెళ్లిన శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్కిన్.

ఆయన 1860లో ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కలరా టీకా తయారుచేసి, 1892లో ముందు తన ఒంటికే ఎక్కించుకున్నారు. మరుసటి ఏడాదే భారత్ వచ్చి వేలమందికి ఆ టీకా వేశారు.

బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో మూడు నెలలు శ్రమించి ప్లేగు టీకా సిద్ధం చేశారు. 1897 జనవరి 10న దాన్నీ తనమీదే ప్రయోగించుకున్నారు. అదే నెలలో బైకుల్లా జైల్లో ప్లేగు సోకినప్పుడు, ముందుకొచ్చిన ఖైదీలకు టీకా వేశారు. తీసుకోనివారితో పోలిస్తే వారిలో కేసులు, మరణాలు బాగా తగ్గాయి.

1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో 107 మందికి టీకా వేశారు. ఒకే సీసాలోని మందు తీసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. విచారణ సంఘం తప్పు ప్రయోగశాలదేనంది. హాఫ్కిన్‌ను పదవి నుంచి పక్కనపెట్టారు. సీసా తెరిచేటప్పుడు ఊళ్లో నేలమీద పడిన పటకారును సరిగా శుద్ధి చేయకుండా వాడారన్న సాక్ష్యం ఉన్నా, నింద తొలగడానికి ఏళ్లు పట్టింది. 1907లో రొనాల్డ్ రాస్ సహా పలువురు శాస్త్రవేత్తలు లండన్ టైమ్స్‌లో ఆయన పక్షాన నిలిచారు. తర్వాత కలకత్తాలో ఉద్యోగమిచ్చారు కానీ, పాత హోదా తిరిగి ఇవ్వలేదు.

విషాదమేమంటే, దేశంలో ప్లేగు అత్యంత తీవ్రంగా విరుచుకుపడింది ఆ 1907లోనే. ఒక్క ఏడాదిలో సుమారు 13 లక్షల మంది చనిపోయారు. ఎలుకల ఒంటిమీద బతుకుతూ రక్తం పీల్చే చిన్న పురుగు రోగాన్ని మనుషులకు చేరుస్తుందని పాల్ లూయీ సిమండ్ 1898లోనే కరాచీలో గుర్తించారు. టీకా మనిషిని కాపాడుతుంది కానీ, ఎలుకల్లో ఉన్న రోగాన్ని తుడిచేయలేదు.

1920ల నుంచి మరణాలు క్రమంగా తగ్గాయి. స్వాతంత్ర్యం తర్వాత డీడీటీ, యాంటీబయాటిక్స్ రావడంతో ప్లేగు దాదాపు మాయమైంది. అయినా 1994లో సూరత్‌ను, 2002లో హిమాచల్‌ను మళ్లీ తాకింది. అడవి ఎలుకల్లో ఆ సూక్ష్మజీవి ఇంకా బతికే ఉంది.

పరేల్‌లోని ప్రయోగశాలకు 1925లో హాఫ్కిన్ పేరు పెట్టారు. ఐదేళ్లకు ఆయన స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కన్నుమూశారు. ఒక్క సీసా చెదరగొట్టిన నమ్మకాన్ని తిరిగి నిలబెట్టడం, టీకా తయారుచేయడం కంటే కష్టమని ఆయన జీవితం చెబుతుంది.